పాత మొహం, కొత్త బ్రేకు

తిరుపతిలో ఒక మోటారు సైకిళ్ల షోరూములో, సర్వీసు కౌంటరు వెనక కూర్చుని నా ఉద్యోగ జీవితమంతా గడిపిన ఆడమనిషిని నేను. మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. లేదు, నాకు పెద్ద బండి తోలడం రాదు. ఇంటికీ షోరూముకూ మధ్య నేను తిరిగింది నా మోపెడ్ మీదే. వంటవాడికి ఆకలి ఉండాలన్న రూలు ఎక్కడా లేదు కదా.

ఈ మధ్య ఏ షోరూముకు వెళ్లినా సర్వీసు కౌంటరులో అమ్మాయిలే కనిపిస్తున్నారు. మెడలో కార్డు, ముందు కంప్యూటరు, నోట్లో తేనె. వాళ్లలో ఒకరిద్దరు మా వీధి వాళ్లే. సాయంత్రం పూట వచ్చి, "అక్కా, ఒక పెద్దాయన ఉండాడు. బండిలో ఏ లోపమూ లేదు. అయినా ఊరికే వచ్చి ఏదో పోయిందంటాడు. ఏం పోయిందంటే చెప్పలేడు. ఏం జేయాలక్కా?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. బండి గురించి కంపెనీ వాళ్లు శిక్షణలో అన్నీ చెబుతారు. బండి ఎక్కే మగవాడి గురించి ఎవరూ చెప్పరు. నాకు తెలిసినంత వరకు అది నేను చెబుతాను.

మేం అమ్మిన బండి

మా కంపెనీ పేరు రాయను. మా ఊళ్లో దాన్ని పెద్ద బండి అనేవారు, నేనూ అలాగే అంటాను. నేను చేరిన తొంభైల్లో ఆ బండి తన తాత ముత్తాతల కాలం నాటి రూపంలోనే ఉండేది. గుండ్రటి దీపం, కన్నీటి బొట్టు ఆకారంలో ట్యాంకు, ట్యాంకు మీద చేత్తో గీసిన బంగారు రంగు గీత, స్ప్రింగుల సీటు. కుడికాలితో గేరు, ఎడమకాలితో బ్రేకు. రోడ్డు మీద తిరిగే మిగతా మోటారు సైకిళ్లలో చాలావాటికి ఇది తలకిందులు. ఆ తిరకాసే తమ గొప్ప అని మా కస్టమర్లు అనుకునేవారు.

దాన్ని స్టార్టు చేయడం ఒక తతంగం. హ్యాండిలు దగ్గర ఒక మీట, దీపం పైన ఒక ముల్లు. మీట నొక్కి ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కును మెల్లగా తొక్కాలి, మీట వదలాలి, అప్పుడు తన్నాలి. ముల్లు చూసుకోకుండా తంతే బండి తిరిగి తన్నేది. మా కస్టమర్లలో సగం మంది కుంటుకుంటూ కౌంటరుకు వచ్చి, బండిని మాత్రం ఒక్క మాట అననిచ్చేవారు కాదు. ఇంట్లో ఇంకెవరైనా అలా తన్నితే ఊరుకునేవారా అని నేను మనసులో అనుకునేదాన్ని.

ఇక నూనె. ఆ బండి నిలబడిన చోటల్లా ఒక బొట్టు పెట్టి వచ్చేది. పొద్దున్నే ముగ్గు వేసుకునే ఆడవాళ్లకు దాన్ని మించిన శత్రువు లేదు. ఒకావిడ సర్వీసుకు మొగుడితో పాటు వచ్చి, "ఏమ్మా, దీనికి ముక్కు కారేది తగ్గేదానికి మందుందా?" అని నన్నడిగింది. మొగుడు గారు తల తిప్పుకుని గోడ మీద బొమ్మలు చూశారు.

మా ఓనరును అందరం మొదలాళి అనేవాళ్లం. అరవ సరిహద్దు కదా, మా వైపు ఓనరుకు అదే మాట. మంచి మనిషి, అమ్మకం విషయంలో మాత్రం ఆయన మంచితనం కొంచెం సెలవు తీసుకునేది. నేను చేరిన కొత్తలో నాకు చెప్పిన మొదటి పాఠం ఇది: "మీసం ఉండే మనిషికి కేటలాగు సూపించొద్దు వసంతా. బండి మీద కూసోబెట్టి, అద్దం వాని మొగం కల్లా తిప్పు. మిగిలింది అద్దం సూసుకుంటాది." ఆయన స్వయంగా పెద్ద బండి తోలడం నేనెన్నడూ చూడలేదు. తెల్ల పంచె నలుగుతుందని కారులో వచ్చేవారు.

కొత్తగా వచ్చిన పాతది

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయ్యాక కంపెనీ ఒక తెలివైన పని చేసింది. పాత బండిని లోపలంతా మార్చేసి, పైన మాత్రం ఇంకా పాతగా చేసింది. మేం మొదట్లో అమ్మిన దానికంటే కూడా పాత మొహం. పూర్వపు ఫొటోల్లో కనిపించే బండి దిగివచ్చి షోరూములో నిలబడినట్టు ఉండేది. బొత్తాం నొక్కితే స్టార్టు. నూనె కారదు. గేరు ఎడమకాలికి, బ్రేకు కుడికాలికి మారాయి, దేశమంతా ఎలా ఉందో అలాగే.

మా హెడ్ మెకానిక్ దస్తగిరి దాని చుట్టూ ఒకసారి తిరిగి, "పైన పటారం, లోన లొటారం" అన్నాడు. నూనె కారని బండిని అతను ఎన్నడూ నమ్మలేదు. అతని మాట తప్పు. లోపల అంతా పాతదానికంటే బాగుంది. నిజానికి గొడవంతా అందుకే వచ్చింది.

కుర్రవాళ్లు కొన్నారు, వాళ్లతో నాకు ఏ ఇబ్బందీ రాలేదు. వాళ్లు పాతదాన్ని ఎక్కి ఎరగరు కాబట్టి దేన్నీ పోగొట్టుకోలేదు. పెద్దవాళ్లు కొన్నారు, కొన్న మర్నాటి నుంచి నా కౌంటరు ముందు వరస కట్టారు. శ్రీకాళహస్తి నుంచి ఒక మిల్లు యజమాని ప్రతి శనివారం వచ్చేవారు.

"శబ్దం లేదమ్మా."

"ఉంది గద సార్, ఇనపడతా ఉండాది."

"ఇది ఒక శబ్దమా? ముందర నేను వంతెన కాడ ఉండంగానే ఇంట్లో అన్నం వడ్డించేసేవాళ్లు. ఇప్పుడు నేను పోయి కూసున్నాక పొయ్యి ముట్టిస్తా ఉండారు."

దస్తగిరి పానా తీసుకుని, ఏమీ విప్పకుండా రెండు చోట్ల తట్టి, "ఇప్పుడు సూడండి సార్" అనేవాడు. ఆయన ఒక చుట్టు తోలి వచ్చి, "ఆ, కొంచెం వచ్చింది" అని సంతోషంగా వెళ్లేవారు. మళ్లీ శనివారానికి ఆ వచ్చింది పోయేది. దీన్ని మోసం అనుకోకండి. ఆయనకు మేం చేయగలిగిన సర్వీసు అంతకంటే లేదు. కౌంటరులో కూర్చునే అమ్మాయిలు ఇక్కడ ఓపిక నేర్చుకోవాలి. తన పాతికేళ్ల వయసు ఎక్కడో జారిపోయిందని పెద్దమనిషి నోరు విడిచి చెప్పలేడు. సైలెన్సరు మీద పెట్టి చెబుతాడు.

శబ్దం వల్ల ఎవరికీ ప్రమాదం లేదు. కాళ్ల సంగతి అలా కాదు. ఇక్కడ మొదలాళి గారి మీద నాకు ఇప్పటికీ కోపమే. "పెద్ద వయసోళ్లకు గేరు పక్క మారిందని ముందే చెప్పొద్దు. ఆశ సల్లబడిపోతాది. బండి ఇచ్చేటప్పుడు చెప్పండి సాలు" అని సేల్సు వాళ్లకు ఆజ్ఞ వేశారు. నేను సర్వీసు మనిషిని కాబట్టి ఆ ఆజ్ఞ నాది కాదనుకుని, అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ చెప్పేసేదాన్ని. చెబితే చాలదని దొరస్వామి గారి విషయంలో తెలిసింది.

డాక్టరు గారు, కస్తూరమ్మ గారు

దొరస్వామి గారు పశువుల డాక్టరు. ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరై పాకాల దగ్గర ఒక పల్లెలో ఉండేవారు. ఆయన రిటైరైన సంగతి ఆవులకు తెలియదు కదా, తెల్లారేసరికి ఏదో ఒక ఊరి నుంచి ఫోను. ఈనలేక పడిపోయిన ఆవో, పొదుగు వాచిన జెర్సీయో. మా జిల్లాలో పాడి ఆవు పడిందంటే ఆ ఇంట్లో సంపాదించే మనిషి పడినట్టే. ఆయన పాత పెద్ద బండి మీద మందుల సంచీ కట్టుకుని వెళ్లేవారు. వయసులో ఉన్నప్పుడు కొన్న బండే, ఇంకొకటి కొనలేదు.

ఆ బండి చివరికి ఆయన కుడి మోకాలు తినేసింది. ఎముకల డాక్టరు కిక్కు మానమన్నారు, మానకపోతే నడకే మానాల్సి వస్తుందన్నారు. ఆ మాట మా కౌంటరు ముందు నిలబడి చెబుతూ, "ఇన్నేండ్లు ఎన్ని ఆవులు తన్నబోయినా తప్పించుకున్నానమ్మా. ఈ బండి కాడ దొరికిపోయినా" అన్నారు.

కొత్త బండి కనబడగానే ఆయన నేరుగా దాని దగ్గరికి నడిచారు. ట్యాంకు మీద చెయ్యి వేసి, "ఇది నా బండేనమ్మా. కొన్ననాడు ఇట్లనే ఉండె" అన్నారు. వెంట వచ్చిన ఆయన భార్య కస్తూరమ్మ గారు బండిని చూడలేదు, ఆయన్ని చూశారు. "ఈయన మొగం సూడమ్మా. పెండ్లి సూపుల్లో గూడా ఇంత ఎలుగు లేదు" అన్నారు నాతో.

గేరు, బ్రేకు పక్కలు మారాయని నేను చెప్పాను. ఆయన నవ్వారు. "తెలుసమ్మా, పేపర్లో సదివినా. నేనేమన్నా చిన్నపిల్లోన్నా? రెండు దినాల్లో అలవాటైపోతాది."

బండి ఇచ్చే రోజు మా షోరూములో ఒక పద్ధతి. పూజారి వచ్చి బండికి పసుపు, కుంకుమ, పూలదండ వేసి, రెండు చక్రాల కింద చెరొక నిమ్మకాయ పెడతాడు. కొన్నవాళ్లు నిమ్మకాయలు తొక్కించి, గేటు దాకా తోలుకుపోయి ఆగాలి. అక్కడ భార్యను ఎక్కించుకుని నేరుగా కాణిపాకం వెళ్లి వినాయకుడికి చూపించి ఇంటికి పోతారు. కస్తూరమ్మ గారు పట్టుచీర కట్టుకుని కొబ్బరికాయల సంచీతో గేటు దగ్గర నిలబడ్డారు. డాక్టరు గారు బొత్తాం నొక్కారు, నిమ్మకాయలు చిట్లాయి, సిబ్బంది చప్పట్లు కొట్టారు. గేటు దగ్గరికి రాగానే ఆయన ఆపబోయి ఎడమకాలు తొక్కారు.

ఎడమ పక్క ఉన్నది గేరు. బండి ఒక ఉలుకు ఉలికి ముందుకే పోయింది. ఆయన ఇంకా గట్టిగా ఎడమకాలే తొక్కారు. కస్తూరమ్మ గారు సంచీ వదిలేసి పక్కకు దూకారు కాబట్టి సరిపోయింది. బండి గేటు స్తంభానికి గుద్దుకుని ఆగింది. దీపం అద్దం పగిలింది, మడ్‌గార్డు వంగింది. ఆయనకు మాత్రం దెబ్బ తగల్లేదు.

మొదలాళి గారు పరుగెత్తుకొచ్చి, "దిష్టి డాక్టరు గారూ, దిష్టి. గుమ్మడికాయ కొట్టిస్తా" అన్నారు.

"దిష్టి గాదప్పా" అన్నారు కస్తూరమ్మ గారు చీర దులుపుకుంటూ. "ఈయన ఎడంకాలు తొక్కినాడు. నేను ఎదురుంగా ఉండి సూసినా. ఈ బండి మింద నేను ఎనక కూసున్న దినమే ఇది మా ఇంటికొచ్చేది. అంతవరకూ ఈడే పెట్టుకోండి."

"ఇంక తప్పు తొక్కను కస్తూరీ. కావాలంటే కాణిపాకంలో ప్రమాణం చేస్తా" అన్నారు డాక్టరు గారు. కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం చేసి బాగుపడినవాడు లేడని మా వైపు చిన్న పిల్లలకు కూడా తెలుసు.

"మీరు చేస్తారు సరే. మీ కాలు చేస్తాదా?"

నాకు నవ్వొచ్చింది. కౌంటరు వెనక్కి వెళ్లి నవ్వుకుని వచ్చేసరికి ఆయన బల్ల మీద కూర్చుని తన చెప్పుల వైపు చూస్తున్నారు. ఆ మనిషిని అలా చూస్తే నాకు చాలా బాధేసింది. కస్తూరమ్మ గారు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నారు: "బండి లేదంటే ఆయన ఇంట్లో ఊరికే కూసుంటాడు. ఊరికే కూసుంటే ఆ మనిషి బతకడమ్మా, నాకు తెలుసు. ఈ బండి ఎక్కితే యాడో ఒక లారీ కింద పోతాడు. నేనేం జేసేదో నువ్వే చెప్పు."

ఎముకల డాక్టరు కిక్కు వద్దన్నాడు, ఈమె బొత్తాం వద్దంటోంది, ఆవులేమో ఆగవు.

కాలు మాట వినలేదు

మొదట మేం బండినే మార్చాలనుకున్నాం. దస్తగిరి గేరు మీటను ఒక కడ్డీ వేసి కుడి పక్కకు తెస్తానన్నాడు. మొదలాళి గారు సరే అన్నారు, ఆయనకు బండి గేటు దాటితే చాలు. కానీ గేరు కుడి పక్కకు వస్తే బ్రేకు ఎడమ పక్కకు పోవాలి. అది తనవల్ల కాదని దస్తగిరే ఒప్పుకున్నాడు. రెండూ ఒకే పక్కన పెడితే డాక్టరు గారి ఎడమకాలికి పనే ఉండదు, కుడికాలికి రెండు ఉద్యోగాలు. ఆ మాట అక్కడితో ఆగింది.

తర్వాత ఆయన్ని మార్చాలనుకున్నాం. షోరూము వెనక ఖాళీ స్థలం ఉండేది. మధ్యాహ్నాలు పని పల్చబడినప్పుడు భార్యాభర్తలు పాకాల నుంచి బస్సులో వచ్చేవారు. ఆయన తోలేవారు, ఆవిడ టైర్ల దొంతర మీద కూర్చుని క్యారియరు పక్కన పెట్టుకుని చూసేవారు. "ఆపండి" అంటే కుడికాలే తొక్కేవారు. చక్కగా. ఎన్నిసార్లు చెప్పినా తప్పు లేదు. ఇక చాలనుకునే సమయానికి దస్తగిరి షెడ్డులో ఏదో రేకు కింద పడేసేవాడు. ఆ శబ్దానికి ఎడమకాలు టక్కున దిగేది. ఆలోచించినప్పుడు ఆయన కాలు కొత్త బండిది, ఉలిక్కిపడినప్పుడు పాత బండిది. రోడ్డు మీద మనిషి ఆలోచించి బ్రేకు వేయడు కదా.

కస్తూరమ్మ గారు క్యారియరు తీసుకుని బస్టాండుకు బయలుదేరేవారు. ఆయన వెనకాలే నడిచేవారు. వారాలు గడిచాయి. కొన్ని ఊళ్లవాళ్లు వేరే డాక్టరును పిలవడం మొదలుపెట్టారని ఆయన ఒకరోజు నాతో చెప్పారు, ఏదో వాతావరణం గురించి చెబుతున్నట్టుగా. ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

మేక

ఒక మధ్యాహ్నం బస్సు తప్పిపోయి ఆయన ఒక్కరే వచ్చారు. తన దగ్గర పూర్వం పనిచేసిన కాంపౌండరును అడిగి అతని చిన్న మోటారు సైకిల్ తెచ్చుకున్నారు. అందరూ ఆఫీసులకు తోలే మామూలు చిన్న బండి, ప్లాస్టిక్ ట్యాంకు కవర్లు, చదరపు దీపం. మా పక్క స్థలంలో మేకలు మేసేవి. ఆయన గేటులోకి తిరుగుతుండగా ఒక మేక గోడ దూకి సరిగ్గా చక్రం ముందు పడింది. నేను కౌంటరు నుంచి చూస్తూనే ఉన్నాను. బండి మేకకు జానెడు దూరంలో ఆగింది. మేక ఆయన్ని ఒకసారి చూసి తన దారిన పోయింది. ఆయన లోపలికి వచ్చి నీళ్లు అడిగారు, ఏమీ జరగనట్టు.

"సార్, ఇప్పుడు ఏ కాలు తొక్కినారు?"

"కుడి."

"కుడేనా?"

"ఈ బండికి కుడే గదమ్మా."

"ఆ బండికి గూడా కుడే గద సార్."

ఆయన గ్లాసు పట్టుకుని ఆగిపోయారు. "ఇది వేరే బండమ్మా" అన్నారు. "దీని మింద కూసుంటే నా కాలికి తెలుసు, ఇది వేరే అని. దాని మింద కూసుంటే..." అని గ్లాసు కౌంటరు మీద పెట్టేశారు.

నాకు అప్పుడు అర్థమైంది. ఆయన కాలు మొద్దుది కాదు. అది మొహం చూసి పనిచేస్తోంది. ఆ గుండ్రటి దీపం, ఆ ట్యాంకు, ఆ సీటు చూడగానే మన బండేనని నమ్మి ధైర్యంగా ఎడమ పక్కన తొక్కుతోంది. కంపెనీ వాళ్లు పాతదాన్ని అంత బాగా చేశారన్నమాట, చేసిన ఇంజనీర్లు వింటే మురిసిపోతారు.

ఆ రోజు నుంచి నేను ఒక పని అలవాటు చేసుకున్నాను. పెద్ద వయసు మనిషి కొత్త బండి చూడ్డానికి వచ్చి ఆగి ఉన్న బండి మీద కూర్చున్నప్పుడు, మంచి మాటల మధ్యలో హఠాత్తుగా "సార్, మేక!" అనేదాన్ని. ఏ కాలు కదులుతుందో చూసేదాన్ని. ఎడమకాలు కదిలితే అమ్మకం ఆపి, ముందు కొన్నాళ్లు మామూలు చిన్న బండి తోలమని చెప్పేదాన్ని. మొదలాళి గారు తిట్టారు. నేను తిట్లు పడ్డాను, పరీక్ష మానలేదు. ఇంట్లో పాత బండి ఉంచుకుని ఆదివారాలకు అది, మిగతా రోజులకు ఇది అనేవాళ్లను ఇంకా గట్టిగా వారించండి. పడినవాళ్లలో ఎక్కువమంది వాళ్లే.

చిలకపచ్చ

తర్వాతిసారి భార్యాభర్తలు కలిసి వచ్చినప్పుడు అడిగాను. "సార్, ఈ బండి మొగం మార్చేస్తే?"

"మొగం మార్చేదా?" ఆయన నిజంగా నొచ్చుకున్నారు. "ఆ మొగం కోసరమే గదమ్మా కొనింది."

మొదలాళి గారికి ఇంకా ఎక్కువ నొప్పి కలిగింది. "ఆ ట్యాంకు మింద గీత చేత్తో గీస్తారు వసంతా. ఒక మనిషి ఊపిరి బిగబట్టి గీస్తాడంట. దాన్ని కప్పేస్తావా? నాకు కడుపు తరుక్కపోతా ఉండాది."

కస్తూరమ్మ గారు మాత్రం టైర్ల మీద నుంచి లేచి, "యాడ కుట్టిస్తారమ్మా?" అన్నారు.

మా రోడ్డులోనే ఆటోలకు సీట్లు కుట్టే దుకాణం ఉంది. రెగ్జిన్ ఆవిడే ఎంచారు. చిలకపచ్చ, అంచుకు పసుపు. ట్యాంకుకు నిండుగా ఒక తొడుగు కుట్టించి కింద తాళ్లు కట్టించారు. స్ప్రింగుల సీటు తీసేసి బల్లలాంటి పొడుగు సీటు వేశాం, దానికీ అదే పచ్చ. గుండ్రటి దీపానికి సగం దాకా పసుపు టోపీ. హ్యాండిలు మార్చి ఎత్తైనది వేశాడు దస్తగిరి, కూర్చునే తీరే మారిపోయింది. అంతా అయ్యాక అతను దూరంగా నిలబడి చూసి, "అక్కా, దీన్ని ఆటో స్టాండులో పెడితే రేణిగుంటకని ముగ్గురు ఎక్కేస్తారు" అన్నాడు.

డాక్టరు గారు చావింటికి వచ్చినవాడిలా వచ్చి దాని మీద కూర్చున్నారు.

వెనక స్థలంలో ఒక చుట్టు, రెండు చుట్లు తిరిగారు. కస్తూరమ్మ గారు నాతో ఏదో వంట సంగతి మాట్లాడుతూ, మాట మధ్యలో క్యారియరు మూత తీసి ఆయన బండి ముందుకు విసిరేశారు. మూత గణగణమని దొర్లింది. బండి కుడికాలి మీద ఆగింది. ఆవిడ మూత తెచ్చుకుని తుడుచుకుని, మళ్లీ వంట సంగతి మొదలుపెట్టారు. ఆ మధ్యాహ్నం మూత చాలాసార్లు ఎగిరింది, సొట్టలు పడింది. ఎడమకాలు ఒక్కసారి కూడా కదల్లేదు. ఆయన కాలు ఆ పచ్చరంగు దాన్ని ఎరగదు, కాబట్టి జాగ్రత్తగా ఉంది.

చివరికి ఆవిడ లేచి చీర సర్దుకుని వెనక కూర్చున్నారు. కాణిపాకం వెళ్లి ఇంటికి పోయారు. గేటు దాటేటప్పుడు, కారులో కూర్చున్న మొదలాళి గారు నల్ల అద్దం ఎత్తేసుకున్నారు, ఆ రంగు చూడలేక.

మొదటి సర్వీసు

మొదటి సర్వీసుకు వచ్చేసరికి డాక్టరు గారి మొహం తేటపడింది. ఊళ్లన్నీ తిరుగుతున్నారు. పచ్చబండి డాక్టరు అంటున్నారట పిల్లలు. పాత బండి పశువుల కొట్టంలోనే ఉందట, దాని తాళంచెవి కస్తూరమ్మ గారి దగ్గర. సాయంత్రాలు ఆయన దాని మీద స్టార్టు చేయకుండా కూర్చుని పేపరు చదువుకుంటారని ఆవిడ చెప్పారు.

కడగడానికి దస్తగిరి తొడుగు, దీపం టోపీ విప్పేశాడు. బండితో వచ్చిన స్ప్రింగుల సీటు, హ్యాండిలు మా దగ్గరే ఉన్నాయి, ఊరికే ఒకసారి బిగించి చూశాడు. బండి మళ్లీ ఫొటోలో బండిలా అయిపోయింది. ఆ గీత మీద నీళ్లు మెరుస్తున్నాయి. డాక్టరు గారు టీ గ్లాసు పక్కన పెట్టి వచ్చి నిలబడ్డారు. కస్తూరమ్మ గారు ఆయన్ని చూసి, నన్ను చూసి, "ఇన్ని దినాలు తోలినాడు గదా. కాలికి అలవాటైపోయుంటాదిలే. ఇట్లనే తీసకపోనీ పాపం" అన్నారు.

ఆ మాట ఆవిడ నోటి నుంచి వస్తుందని ఆయన అనుకోలేదు. చిన్నపిల్లాడిలా గబగబా ఎక్కి కూర్చున్నారు. వీపు నిటారైంది, గడ్డం పైకి లేచింది, చెయ్యి తనంతట తానే ట్యాంకు మీదికి పోయింది. ఆయన పాతికేళ్లప్పుడు ఎలా ఉండేవారో ఆ ఒక్క నిమిషం నేను చూశాను. నాకు అనబుద్ధి కాలేదు. అయినా అన్నాను.

"సార్, మేక!"

ఎడమకాలు దిగింది.

అందరికంటే ముందు ఆయనే వంగి తన కాలు వైపు చూసుకున్నారు. కాసేపు అలాగే కూర్చుని మెల్లగా దిగారు. బల్ల మీద ఆరేసిన పచ్చ తొడుగు ఆయనే తెచ్చి దస్తగిరి చేతికిచ్చారు.

"కప్పేయి నాయనా."

"ఎందుకన్నానో సార్ ఆ మాట" అన్నాను.

"మంచి పని జేసినావు" అన్నారాయన. "ఆ మొగం దాని కింద ఉండాదని నాకు తెలుసు గదమ్మా. నాకది సాలు."

దస్తగిరి సీటు, హ్యాండిలు మార్చి, దీపానికి టోపీ పెట్టాడు. తొడుగు తాళ్లు మాత్రం కస్తూరమ్మ గారే కట్టారు, ఒక్కొక్క ముడీ రెండుసార్లు లాగి చూసుకుంటూ. ఆఖరి ముడి వేసే ముందు తొడుగు అంచు కొంచెం పైకెత్తి, ఆ బంగారు గీత మీద పడిన నీటి చుక్కను కొంగుతో తుడిచారు. తర్వాత వెనక ఎక్కి ఆయన భుజం పట్టుకుని, "పదండి, ఆవు ఎదురుసూస్తా ఉంటాది" అన్నారు.